నాన్న ఫోన్‌లో వేసిన చేను

మా నాన్నకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయిన అయిదో నెలలో నేను ఫోన్‌లో చెట్లు కొట్టడం నేర్చుకున్నాను. ఇష్టమై నేర్చుకోలేదు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో, పగలంతా ఐదో తరగతి పిల్లలకు భిన్నాలు చెప్పి, ఇంటికొచ్చి కూర పొయ్యి మీద పడేసి, ఆ ఖాళీలో చదరపు తలకాయ ఉన్న మనిషి చేత చెట్టుని పిడికిలితో గుద్దించడం ఎవరికి ఇష్టమవుతుంది?

నాన్న కాలు నయమే. కర్ర పట్టుకుని వసారా దాకా నడుస్తున్నాడు. మాట కూడా తిరిగొచ్చింది, ఉండాల్సిన దానికంటే కాస్త ఎక్కువే వచ్చింది. చెయ్యే రాలేదు. వారానికి మూడు రోజులు గుంటూరు నుంచి ప్రత్తిపాడులోని మా ఇంటికి ఫిజియోథెరపీ చేసే అమ్మాయి వచ్చేది. ఒకరోజు చెప్పులేసుకుంటూ గుమ్మం దగ్గర నాతో చెప్పింది.

"మొదటి ఆరు నెలల్లో ఎంత కదిలిస్తే అంత మంచిది మేడం. ఆ తర్వాత రాదని కాదు, చాలా కష్టమవుద్ది. తాతగారు అసలు ప్రయత్నమే చెయ్యట్లేదండి. నేను వచ్చినప్పుడు నేను కదిలిస్తున్నా, నేను వెళ్ళాక అది అలాగే పడుంటోంది."

ఆరు నెలల్లో నాలుగు అయిపోయాయి. మిగిలింది రెండు. ఆ రెండు నెలలు నా నెత్తిమీద కూర్చున్నాయి.

ఆయన ఏ పనీ చెయ్యడని కాదు, ఏ పని ఇచ్చినా ఎడమచేత్తో చేసేవాడు. పిసకమని రబ్బరు బంతి ఇస్తే ఎడమచేత్తో తీసి గోడకేసి కొట్టాడు. అది బీరువా కిందకి పోయింది, దాన్ని చీపురుతో లాగింది నేను. పోనీ అలవాటైన సరుకు కదా అని ఎండుమిరపకాయలు పళ్ళెంలో పోసి తొడిమలు తియ్యమన్నాను. నా వంక ఎలా చూశాడంటే, నేను ఆయన్ని బజార్లో నిలబెట్టి అవమానించినట్టు చూశాడు.

"అయిదెకరాలు మిరప వేసినోణ్ణి. ఆడకూలీలు కూర్చుని తీసే తొడిమలు నా చేత తీయిస్తావా?"

"కూలికి కాదు నాన్నా, చేతి కోసం."

"చెయ్యి కోసమే అయితే ఆ పళ్ళెం అవతల పెట్టు. ఘాటుకి తుమ్ములొస్తున్నాయి."

జీవితమంతా ఆ ఘాటులో బతికిన మనిషికి ఆరోజే తుమ్ములొచ్చాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. పళ్ళెం తీసుకెళ్ళి వంటింట్లో ఎంత గట్టిగా పెట్టానంటే సగం కాయలు కింద పడ్డాయి. అవి కూడా నేనే ఏరుకున్నాను.

ఫిజియో అమ్మాయే ఫోన్ మాట ఎత్తింది. బొటనవేలు కదిలే ఆట ఏదైనా పెట్టమంది. బుడగలు పగలగొట్టే ఆట పెట్టాను. రెండు నిమిషాలు చూసి, "ఇవి పగిలితే ఎవరికి లాభం?" అని అడిగి ఫోన్ వెనక్కిచ్చేశాడు. అది ఇంకా కోపం తెప్పించింది.

మా బళ్ళో లెక్కల మేష్టారు ఒకాయన ఉన్నారు, భోజనాల గంటలో ఎప్పుడూ ఫోన్‌లో మునిగి ఉంటారు. ఒకరోజు ఆయన వెనకనుంచి వెళ్తూ చూస్తే తెర మీద పచ్చగా పైరు కనపడింది. పక్కనే నీళ్ళ కాలవ. ఆగిపోయాను. అన్నీ దిమ్మెలే, చెట్టు దిమ్మెలే, మట్టి దిమ్మెలే, ఆవు కూడా నాలుగు దిమ్మెలు అతికించినట్టే ఉంది. ఆ దిమ్మెలు తవ్వుకోవచ్చు, మళ్ళీ పేర్చుకోవచ్చు. ఇల్లు కట్టుకోవచ్చు, సేద్యం చేసుకోవచ్చు.

"దీంట్లో ఏ వేలితో ఆడాలండీ?" అని అడిగాను.

ఆయన అదోలా చూశారు. ఆ ప్రశ్న ఇంతకుముందు ఎవరూ అడిగి ఉండరు. "ఎడమ బొటనవేలితో మనిషిని నడపాలి మేడం. కుడి బొటనవేలితో తల తిప్పాలి, తవ్వాలి, నాటాలి, ఎగరాలి" అన్నారు. అంటే ముప్పాతిక పని కుడిచేతిదే. అందుకే ఆ ఆట నాకు నచ్చింది, ఇంకే కారణమూ లేదు.

నాన్నకి నేర్పాలంటే ముందు నాకు రావాలి కదా. మేష్టారు నాలుగు ముక్కలు చెప్పారు. మొదటి రోజు పొద్దు గుంకేలోపు చెట్టు కొట్టి కలప తెచ్చుకోవాలి. కలపతో బల్ల, బల్ల మీద పనిముట్లు చేసుకోవాలి. చీకటి పడేలోపు నాలుగు గోడలు లేపుకోవాలి, లేదా గుట్టలో బొరియ తవ్వి మూసుకుని కూర్చోవాలి. చీకట్లో దయ్యాలొస్తాయి. చచ్చిపోతే మళ్ళీ మొదట పుట్టిన చోటే లేస్తాం, చేతిలో ఉన్నదంతా చచ్చిన చోట పడిపోతుంది.

"చెట్టు దేంతో కొట్టాలండీ?"

"చేత్తోనే మేడం. పిడికిలితో."

నాలుగు రోజుల్లో పదకొండుసార్లు చచ్చాను. ఒకసారి నీళ్ళలో మునిగి, ఒకసారి నేను తవ్వుకున్న గోతిలో నేనే పడి, మిగతావన్నీ చీకటి పడేసరికి ఇల్లు పూర్తికాక. పరుపు ఉంటే రాత్రి పడుకుని గడిపెయ్యొచ్చట. పరుపుకి ఉన్ని కావాలట, ఉన్నికి గొర్రెలు కావాలట. చుట్టూ పత్తి పండే ఊళ్ళో పుట్టిన దాన్ని, పరుపు కోసం గొర్రెని వెతుక్కుంటూ కొండలెక్కాను. మా ఆయన దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తారు, ఆదివారాలే ఇంట్లో ఉంటారు. ఆ ఆదివారం నేను ఫోన్‌ని తిడుతుంటే పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. ఆరోజు ఆయనకి రెండోసారి కాఫీ ఇవ్వలేదు.

టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది? నేర్చుకున్నదంతా చార్టు మీద స్కెచ్ పెన్నులతో రాసి నాన్న మంచానికి ఎదురుగా అంటించాను. చెట్టు, బల్ల, గొడ్డలి, ఇల్లు, పరుపు, దివిటీలు, ఆ తర్వాతే సేద్యం. ఒకటో తరగతి పిల్లలకు వేసినట్టు బొమ్మలు కూడా వేశాను. నాన్న కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివాడు.

"ఇది రాసినోళ్ళు ఎప్పుడన్నా చేలో దిగారా?"

"నేనే రాశాను నాన్నా."

"అదే అడుగుతున్నా."

ఆట ఎక్కించిన నా పాత ఫోన్ ఆయన రెండు చేతుల్లో పెట్టి, కుడి బొటనవేలు తెర మీద ఆనించి, దాని మీద నా వేలు పెట్టి నడిపించాను. వేలు చల్లగా ఉంది. ఆయన వేలు కాదు, నేను పట్టుకుంటే కదిలే వస్తువు అది. పది నిమిషాలకి తెర మీద నేల కనపడింది. అంతే, చార్టు సంగతి మర్చిపోయాడు. ఇల్లు వద్దు, పరుపు వద్దు, ముందు నేల చూడాలన్నాడు. తవ్వించాడు. పైన గడ్డి, దాని కింద మూడు దిమ్మెల మట్టి, ఆ కింద అంతా రాయే.

"మూడు జానల్లో రాయి తగిలే నేల. దీన్ని కౌలుకి కూడా ఎవడూ అడగడు. చీమకుర్తి వాళ్ళకి చెప్పు, గ్రానైటు తీసుకుపోతారు."

మర్నాడు నేను బడికి వెళ్ళేటప్పుడు ఫోన్ ఆయన దగ్గరే వదిలేశాను. సాయంత్రం వచ్చేసరికి కాలవ పక్కన పెద్ద చదరం దున్ని ఉంది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. బ్యాగు భుజాన ఉండగానే పక్కన కూర్చుని చూశాను. ఒక్క గింజ కూడా వెయ్యలేదు.

"విత్తనాలు వెయ్యలేదేం నాన్నా? గడ్డి కొడితే గింజలొస్తాయని చెప్పాగా."

"వేసవి దుక్కి ఇది. దున్నిన నేల పది రోజులు ఎండాలి. పురుగూ పుట్రా, గడ్డి వేళ్ళూ చావాలి. నీకేం తెలుసు?"

ఆ ఆటలో తడి లేకుండా, పైరు లేకుండా నేల వదిలేస్తే మళ్ళీ మామూలు మట్టి అయిపోతుంది. కాలవకి నాలుగు దిమ్మెల దూరం దాకానే తడి అందుతుంది. ఆ మాట చెప్పాను, చార్టులో నీలం రంగుతో రాసి కూడా ఉంది. ఆయన వినలేదు. పొద్దున లేచి చూసుకుంటే కాలవ ఒడ్డున నాలుగు వరసలు తప్ప దుక్కి అంతా పోయి చదునైపోయింది. "ఎవడో నా దుక్కి పూడ్చేశాడు" అని వసారాలో కూర్చుని కేకలేశాడు. పక్కింటావిడ గోడ మీదనుంచి తొంగిచూసి, కౌలుదారుతో గొడవేమో అనుకుని నన్ను పక్కకి పిలిచి అడిగింది. ఆవిడకి ఏమని చెప్పను?

రెండోసారి దున్నాక వెంటనే విత్తనం పెట్టడానికి ఒప్పుకున్నాడు. అయితే అచ్చు తోలాల్సిందేనన్నాడు. మా వైపు మిరపకి అచ్చు తోలతారు. చేనుకి నిలువుగా, అడ్డంగా గీతలు గీసి, గీతలు కలిసినచోట మొక్క పెడతారు. అప్పుడు ఎద్దులు లాగే గుంటక రెండు వైపులా తిరుగుతుంది, కలుపు పోతుంది. ఆ ఆటలో కలుపూ లేదు, గుంటకా లేదు. ఒక్కో దిమ్మెకి ఒక్కో మొక్క పక్కపక్కనే పెట్టుకోవచ్చు. ఆయన రెండు దిమ్మెలు వదిలి ఒక మొక్క పెట్టాడు. గోధుమట అది. మిరప లేదా అని అడిగాడు. లేదన్నాను. పత్తి? లేదన్నాను. "ఏ దేశమిది?" అన్నాడు. తాడు పెట్టి గీసినట్టున్నాయి వరసలు. రాత్రిపూట ఒక పచ్చటి జీవి చప్పుడు లేకుండా పక్కకొచ్చి పేలి, సగం చేను గొయ్యి చేసిపోయింది. దానికి పచ్చపురుగని పేరు పెట్టి, ఏ మందు కొట్టాలో మేష్టార్ని అడిగి రమ్మన్నాడు. నేను నిజంగానే అడిగాను. దివిటీలు పెట్టమన్నారు. చేను చుట్టూ దివిటీలు పెట్టాం.

మూడు వారాల్లో చేను తయారైంది. నేను పొంగిపోయాను. ఫిజియో అమ్మాయి రాగానే ఫోన్ చూపించి గొప్పగా చెప్పాను. "అంతా మా నాన్న వేసిందే. కుడి బొటనవేలితో!"

"ఏదీ తాతగారూ, ఒక్క మొక్క నాటండి" అంది.

నాన్న కదల్లేదు. ఆ అమ్మాయి ఇంకోసారి అడిగింది. అప్పుడు ఫోన్ తీసి దిండు మీద పడుకోబెట్టాడు. ఎడమచేతి చూపుడువేలితో నడిపించాడు, అదే వేలు ఎత్తి తల తిప్పాడు, అదే వేలితో నాటాడు. చకచకా నాటాడు. కుడిచెయ్యి తువ్వాలు కింద నిద్రపోతోంది.

మూడు వారాలు. నేను బడికి వెళ్ళిన ప్రతి పూటా అలాగే ఆడాడు. నా గొర్రెలు, నా చార్టు, నా పదకొండు చావులు అన్నీ ఆ దిండు మీద కనపడ్డాయి. ఆ అమ్మాయి వెళ్ళేదాకా ఆగాను, వెళ్ళగానే ఫోన్ లాక్కున్నాను.

"నీ చెయ్యి నీకే అక్కర్లేకపోతే నాకెందుకు? రేపట్నుంచి మంచంలో పడుకో. నీకు అన్నం కలిపి పెట్టేది నేనేగా, పెడుతూనే ఉంటాను, ఏం పోయింది!"

ఆయన కూడా అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"అక్కర్లేదని ఎవరన్నారే? పిలుస్తున్నా, అది రావట్లేదు. నువ్వు లేనప్పుడు రోజూ పిలుస్తున్నా. రాని దాన్ని మీ అందరి ముందూ కూడా పిలిచి, అది రాకపోతే మీరందరూ చూస్తుంటే... అదెందుకు నాకు?"

నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఆయన మీద జాలి కంటే నా మీద కోపమే ఎక్కువగా ఉంది. తర్వాత కళ్ళు తుడుచుకుని వచ్చి ఫోన్ తిరిగి ఇచ్చేశాను. సారీ చెప్పలేదు, మా ఇంట్లో ఆ మాట ఎవరికీ అలవాటు లేదు.

ఒకే వైఫై ఉంటే ఒకళ్ళ చేలోకి ఇంకొకళ్ళు తమ ఫోన్ నుంచి వెళ్ళొచ్చని మేష్టారు చెప్పారు. ఆయన్ని ఒంటరిగా వదిలితే లాభం లేదని, ఆరోజు నుంచి సాయంత్రాలు ఆయన కుడిపక్కన మంచం మీద కూర్చుని నా ఫోన్‌లో ఆయన చేలోకి వెళ్ళేదాన్ని. నేను పక్కనుంటే దిండు మీద పెట్టడానికి మొహమాటపడి, ఫోన్ ఒళ్ళో పెట్టుకునేవాడు. కుడిచెయ్యి ఫోన్ పక్కన ఊరికే ఉండేది. అంతకంటే ఏమీ జరగలేదు. అయిదో నెల అయిపోయింది.

ఒక సాయంత్రం ఆటలో పొద్దు గుంకేటప్పుడు నేను కట్టెల కోసం దూరం పోయాను. తిరిగొస్తుంటే ఒక దయ్యం వెంటపడింది. నాకు భయమేస్తే ఎగరడం అలవాటు. ఎగురుకుంటూ ఇంటివైపు పరిగెత్తాను. ఇంటికి అడ్డదారి ఆయన చేను మీదుగా. ఆ ఆటలో పైరు మీద నడిస్తే ఏమీ కాదు. ఎగిరి దూకితే మాత్రం మొక్క ఊడి, దుక్కి మట్టి అయిపోతుంది. ఆ సంగతి నాకు తెలుసు, ఆ క్షణాన గుర్తులేదు. నేను దూకిన చోటల్లా ఆయన అచ్చు తోలి పెట్టిన వరసలు టపటపా ఊడిపోయాయి.

మా నాన్న నన్ను జీవితంలో ఒక్కసారే కొట్టాడు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, అప్పుడే నారు నాటిన మిరప చేలో అడ్డంగా పరిగెత్తినందుకు. మిగతా తప్పులన్నీ అమ్మకి వదిలేసేవాడు.

"పైరు మీదనా ఎగిరేది! పైరు మీదనా!"

అని అరుస్తూ నా మణికట్టు పట్టుకున్నాడు. నేను "దయ్యం నాన్నా, దయ్యం" అంటున్నాను. ఆయన "కళ్ళు నెత్తికెక్కాయా, రైతు కడుపున పుట్టావా నువ్వు" అంటున్నాడు. దయ్యం నన్ను చంపేసింది. అప్పుడు నా చెయ్యి చూసుకున్నాను. నేను కూర్చుంది ఆయన కుడిపక్కన. నా మణికట్టు మీద ఉన్నది ఆయన కుడిచెయ్యి. పట్టు కాదు అది, ఒక చిన్న బరువు. వేళ్ళు సగం ముడుచుకుని ఉన్నాయి. కానీ ఒళ్ళోంచి అంత దూరం అదే వచ్చింది, ఎవరూ ఎత్తి పెట్టలేదు.

నేను కదల్లేదు. ఆయన ఇంకా తిడుతూనే ఉన్నాడు. నేనే పిచ్చిదాన్లా "నాన్నా, చెయ్యి" అన్నాను. ఆయన చూసుకున్నాడు. చూసుకోగానే అది జారి దుప్పటి మీద పడిపోయింది. మళ్ళీ ఎత్తమన్నాను. కనుబొమలు ముడిచి, మెడ నరాలు బిగించి ప్రయత్నించాడు. రాలేదు. అనవసరంగా ఎందుకు నోరు తెరిచానా అని నన్ను నేను తిట్టుకున్నాను.

ఫిజియో అమ్మాయికి చెబితే ఎగిరి గంతేసింది. "సూపర్ మేడం! దేని వల్ల వచ్చిందో అదే మళ్ళీ మళ్ళీ చేయించండి" అంది. ఏం చేయించను తల్లీ? అది వచ్చింది ఆయన కష్టం పాడయినందుకు.

చేశాను. మర్నాడు సాయంత్రం ఆయన మళ్ళీ పెట్టుకున్న మొక్కల మీద చూడనట్టు నటిస్తూ దూకాను. అరిచాడు. వేళ్ళు దుప్పటి మీద కొంచెం కదిలాయి. ఆ తర్వాతి రోజు అరిచాడు, చెయ్యి రాలేదు. ఆ తర్వాత రోజు మణికట్టు లేచింది, జానెడు. రోజూ ఆయన్ని మొక్కలు పెట్టనిచ్చి, రోజూ తొక్కాను. ఆయన వేసేదానికంటే నేను తొక్కేది ఎక్కువైపోయింది. అందుకని పొద్దున పాలు కాగేలోపు, ఆయన లేవకముందు ఆయన ఫోన్ తీసుకుని, నేనే రెండు దిమ్మెలు వదిలి ఒకటి చొప్పున మొక్కలు పెట్టేదాన్ని. సాయంత్రం తొక్కడానికి పొద్దున నాటేదాన్ని. పాలు రెండుసార్లు పొంగిపోయాయి. ఇంత చేస్తే ఆయన నన్ను పనికిమాలినదానా అని, బర్రెగొడ్డా అని, బళ్ళో పిల్లలకి ఏం చెబుతావే నువ్వు అని తిట్టేవాడు. ఎంత తిట్టినా పడ్డాను. ఆ తిట్లలో ఏ ఒక్కదానికైనా చెయ్యి లేస్తుందని ఆయన మొహం వంక కాకుండా దుప్పటి వంక చూసేదాన్ని.

కోపం కూడా పాతబడుతుందని నాకు అప్పుడే తెలిసింది. పది రోజులకి ఆయన తిట్టడం తగ్గించాడు. నేను దూకితే నిట్టూర్చి, ఎడమచేత్తో మళ్ళీ నాటుకునేవాడు. కాలవ అవతల చిన్న మడి ఒకటి చుట్టూ కంచె వేసి పెట్టుకున్నాడు. దాన్లోకి మాత్రం నన్ను రావద్దన్నాడు. నేనూ వెళ్ళలేదు. ఎంతైనా ఒక్క పంటైనా చూసుకోవాలి కదా మనిషి. ఆరో నెల సగానికి వచ్చింది. వారం రోజులుగా వేలు కూడా కదల్లేదు. ఫిజియో అమ్మాయి బాగానే ఉందని అంటోంది కానీ, ఆ అమ్మాయి గొంతు నాకు తెలుసు. మార్కులు తక్కువొచ్చిన పిల్లల తల్లులతో నేను మాట్లాడే గొంతు అది.

శుక్రవారం సాయంత్రం నాలుగు వరసలు తొక్కాను. ఏమీ జరగలేదు. నాకు ఓపిక పోయింది. ఫోన్ మంచం మీద పడేసి, "చాల్లే నాన్నా, నేను వంట చేసుకుంటాను" అని లేచాను. ఎవరి మీద కోపమో నాకే తెలియలేదు.

"కూర్చో" అన్నాడు.

కూర్చున్నాను.

"నువ్వు కావాలనే తొక్కుతున్నావుగా."

నేను దుప్పటి అంచు సర్దాను.

"పొద్దున నువ్వే నాటుతున్నావు కూడా. నేను రెండు దిమ్మెలు వదిలితే నువ్వు ఒక్కోసారి మూడు వదుల్తున్నావు. నాకు తెలీదనుకున్నావా?"

ఎన్నాళ్ళనుంచి తెలుసని అడుగుదామనుకున్నాను. అంతలోనే ఆయన ఎడమచేత్తో ఫోన్ తిప్పి, కాలవ దాటి, కంచె ఉన్న మడి ముందు నిలబడ్డాడు. గోధుమ పండిపోయింది. ఆ ఆటలో పండిన పైరు ముదురు పసుపుగా మారుతుంది. మడి నిండా పసుపే. ఒక్క మొక్క తేడా లేదు. ఇన్ని రోజులుగా ఒక్క దెబ్బ కూడా తగలకుండా కాపాడుకున్నాడు. ఆయన కంచె గుమ్మం తీశాడు.

"రా, లోపలికి. దీన్ని తొక్కు."

"ఇది పండింది నాన్నా. ముందు కోసుకో. కోశాక మళ్ళీ వేసుకుని..."

"కోశాక ఏముందిరా అక్కడ తొక్కడానికి? మొలకల మీద కోపం అయిపోయిందమ్మా నాకు, రావట్లేదు. పండినదాన్ని తొక్కితే వస్తుంది. తొక్కు."

నా ఫోన్ తీసుకున్నాను. గుమ్మంలోంచి లోపలికెళ్ళాను. ఆ పసుపు మధ్య నిలబడితే వేలు కదపడం నావల్ల కాలేదు. నలభై ఏళ్ళ కిందట ఒక దెబ్బతో నేర్చుకున్న పాఠం అది. ఆయన పక్కనుంచి నా మొహంలోకే చూస్తున్నాడు.

"ఊఁ, ఎగురు. మళ్ళీ చీకటి పడుద్ది."

ఎగిరాను. మొదటి వరస ఊడింది. రెండోది ఊడింది. మూడో వరస మీద దూకుతుండగా ఆయన తిట్లు మొదలుపెట్టాడు, నిజంగానే, తనే తొక్కమన్న సంగతి మర్చిపోయి. నేను ఆగలేదు, ఏడుస్తూ ఎగురుతూనే ఉన్నాను, మడి చివర ఆఖరి మొక్క దగ్గరికొచ్చేసరికి ఆయన కుడిచెయ్యి వచ్చి నా ఫోన్ మీద పడింది.